గుర్నాథం మామ చెరిగిన మాటలు

గుర్నాథం మామ ఆ సినిమాను మూడుసార్లు చూశాడంటే తిరుత్తణిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. పాటలు లేవు, ఫైట్లు లేవు. పేరుకు యుద్ధం సినిమా గాని ఒక్క తుపాకీ పేలదు. అలాంటిదాన్ని రైలెక్కి తిరువళ్లూరు దాకా వచ్చి మళ్లీ మళ్లీ చూసే మనిషి కాదాయన. మొదటిసారి పక్క సీటులో కూర్చున్నవాణ్ణి నేనే కాబట్టి సాక్ష్యం కూడా నాదే.

నా పేరు రఘునాథ్. తిరువళ్లూరు బజారులో మా తాత పెట్టిన జవుళి అంగడి నాది. గుర్నాథం మామకూ నాకూ రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్లది పాండూరు, ఎప్పటినుంచో సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం. మేము బజారు మనుషులం. మా నాన్న ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. ఆవడిలో మిలిటరీ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరి, అక్కడే తల నెరిసి రిటైరయ్యాడు. పెళ్లయినప్పటినుంచీ కాపురం తిరుత్తణిలో, ఆయన భార్య మునెమ్మ అత్త పుట్టింటి వీధిలో. వారానికి ఒకసారైనా రైలు దిగి మా అంగడికి వచ్చి, బట్టల బేళ్ల పక్కన ఆయన కోసమే ఉంచిన స్టూలు మీద కూర్చొని నన్ను ప్రశ్నలు వేసి చంపుతాడు.

ఆయనకు అన్నీ కావాలి. పట్టు చీర అంచు ఎందుకు ముందు నలుగుతుంది, ఆషాఢంలో వచ్చే ఆడి నెల తగ్గింపు మొదట ఎవరు పెట్టారు, పెరియపాళయం అమ్మవారి గుడికి పోయే జనం వేపాకు ఎక్కడ కోసుకుంటారు, ఏదైనా సరే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గంటసేపు బేరమాడి కొనకుండా పోయినవాళ్లను వీధిలోకి వెళ్లి మరీ కడిగిపారేసిన రోజులున్నాయి. అలాంటి నన్ను ఆయన ఇన్నేళ్లు ఎట్లా భరించాడో, నేను ఆయన్ను ఎట్లా భరించానో ఇద్దరికీ తెలియదు.

ఆ ప్రశ్నల వల్లే ఆయనకు రాయబారం పని అంటుకుంది. అరక్కోణం రైల్లో రోజూ ఆవడికి పోయి వచ్చే కాలంలో, ఎదురు సీటు మనిషి మొహం మాడ్చుకొని ఉంటే కారణం అడక్కుండా ఉండలేడు. కారణం తెలిశాక ఊరుకోలేడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మునెమ్మ అత్త ఎంత మొత్తుకున్నా, ఆదివారం వస్తే ఆయన ఎవరి గడపలోనో ఉండేవాడు. అన్నదమ్ములు, వియ్యపురాళ్లు, ఒకే బావి నీళ్లు పంచుకునే దాయాదులు. మా వైపు తెలుగువాళ్లలో రెండు ఇళ్ల మధ్య మాటలు ఆగిపోతే ఎవరూ ఎవరి గడపా తొక్కరు. నడిమనిషి ఒకడు తిరగాలి. ఆ నడిమనిషి రెండు ఇళ్లలోనూ ముందు ఏదైనా పుచ్చుకోవాలి, కనీసం ఒక లోటా మజ్జిగ. అది తాగాకే నోరు విప్పాలి. ఉప్పు తిన్న ఇంటికి చెడు తలపెట్టడని నమ్మకం.

మామకు సొంత పద్ధతి ఒకటుంది. దానికి ఆయన పెట్టుకున్న పేరు చెరగడం. ఈ ఇంట్లో ఇరవై మాటలు అంటే వాటిని చేటలో పోసి చెరిగి, పొట్టంతా ఎగరగొట్టి, మెత్తని నాలుగు గింజలు మాత్రం ఆ ఇంటికి మోస్తాడు. "వాడు చచ్చినా వాడి గడప తొక్కను" అన్నది అవతలికి చేరేసరికి "కొంచెం టైము అడుగుతా ఉండాడు" అవుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆయన లెక్క. నా లెక్క వేరు. తిట్టాల్సింది తిట్టేస్తే సాయంత్రానికి చల్లారుతుందని నేను, తిట్టు అవతల చేరితే ఏడు తరాలు ఉంటుందని ఆయన, ఈ వాదన మా అంగట్లో ఎన్నేళ్లుగానో నడుస్తోంది. నిజం చెప్పాలంటే గెలుపు ఎప్పుడూ ఆయనదే. ఆయన చేత్తో కలిసిన ఇళ్లు ఈ తాలూకాలో చాలానే ఉన్నాయి.

కలవనిది ఒక్కటే. అదీ సొంత ఇల్లు.

మామ చెల్లెలు చిన్న వయసులోనే పోయింది. ఆమె పిల్లలు ఇద్దరు, ముకేశ్, వైష్ణవి. ముకేశ్ పాండూరులో మల్లెతోట చూసుకుంటాడు. అతని చెల్లెలు వైష్ణవిని తిరువళ్లూరులోనే ఉద్యోగం చేసే శరవణన్‌కు ఇచ్చారు. పెళ్లి తిరుత్తణి మండపంలో. తాళి కట్టడం అయింది. ఇక పేలాల హోమం. పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె అన్న. ఆ అన్న మండపంలో లేడు. బండి తీసుకొని ఎక్కడికో వెళ్లాడు. రాహుకాలం ముంచుకొస్తోందని పురోహితుడు తొందరపెట్టాడు. చివరకు శరవణన్ చిన్నాన్న కొడుకు సురేష్ పోసేశాడు. ఆఖరి గుప్పెడు నిప్పుల్లో పడుతుండగా ముకేశ్ చెమటలు కక్కుతూ వచ్చి నిలబడ్డాడు. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, శరవణన్ నవ్వి, "ఎవురు పోస్తే ఏంది బావా, పొయ్యేది నిప్పుల్లోకే గదా" అన్నాడు. ముకేశ్ భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. పెళ్లికూతురి అన్న ఆకు ముందు కూర్చోకుండా పోవడం అంటే మగపెళ్లివారికి ఎంత తలవంపో మావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

అప్పటినుంచి మామ చెరుగుతూనే ఉన్నాడు. శరవణన్ బాధపడుతున్నాడని ముకేశ్‌కు చెబుతాడు. ముకేశ్ మనసు కరుగుతోందని శరవణన్‌కు చెబుతాడు. ఇద్దరూ తల ఊపుతారు. ఎవరూ కదలరు. నాకు అర్థమయ్యేది కాదు, ఇంత మంచి మాటలు ఇన్నిసార్లు మోశాక కూడా ఒక్కడు ఒక్క అడుగు ఎందుకు వెయ్యడని. మామకూ అర్థమయ్యేది కాదు. జవాబు దొరకని ప్రశ్న ఆయన జీవితంలో అదొక్కటే అనుకుంటాను.

ఇంతలో వైష్ణవికి చందన పుట్టింది. మొదటి ఏడు పుట్టువెంట్రుకలు తీయలేదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టకుండా నా బిడ్డకు కత్తి తగలనివ్వను, చెవి కుట్టనివ్వను అంది వైష్ణవి. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. శరవణన్ వాళ్లమ్మ కుప్పమ్మకు ఓపిక అయిపోయింది. తమిళ ఆవణి నెలలో తిరుత్తణి కొండ మీద ముహూర్తం పెట్టించేసి, వాళ్లింటికి వెళ్లిన మా ఇద్దరి ముందే ఒక మాట అంది. "మీరే కూర్చోండి అన్నా. వైష్ణవికి మీరు మేనమామే గదా. పాపకు అంతకన్నా పెద్దదిక్కు ఎవురుండారు?"

మామ మొహం వెలగడం నేను చూశాను. ఆయనకు పిల్లలు లేరు. కొండ మీద, నలుగురిలో, ఒక పసిబిడ్డ ఒడిలో కూర్చుంటుందంటే ఎవరికి ఉండదు ఆశ. కాని వంటింటి గుమ్మంలో వైష్ణవి నిలబడి ఉంది. బిడ్డను ఎత్తుకొని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఒడిలో ఒకసారి ఇంకొకరు కూర్చుంటే ముకేశ్ ఇక జన్మలో ఆ ఇంటికి రాడు. అది మామకూ తెలుసు. ముహూర్తం లోపల ముకేశ్‌ను రప్పిస్తానని చెప్పి లేచాడు.

సినిమా చూసింది ఆ సాయంత్రమే. థియేటరు మేనేజరు దేవేంద్రన్ మా అంగట్లో పంచెలు కొంటాడు. హాలు ఖాళీగా ఉందనీ, నలుగురైనా లేకపోతే ఫ్యాను వెయ్యడానికి కూడా మనసొప్పడం లేదనీ, ఊరికే వచ్చి కూర్చోమనీ పిలిచాడు. మామ దిగులు చూడలేక లాక్కెళ్లాను.

తమిళంలోకి డబ్బింగు చేసిన ఏదో దేశం సినిమా. యుద్ధం ఆఖరి రోజులు. కొట్టుకుంటున్న రెండు దేశాల పెద్దలు సంధి మాట్లాడడానికి మంచుకొండల్లో ఒక హోటలుకు వస్తారు. వచ్చారు గాని ఒకరి మొహం ఒకరు చూడబోమని పట్టుబట్టారు. ఒకాయన మేడ మీద గదిలో, ఇంకొకాయన కింద గదిలో. మధ్యలో ఏ పక్కా లేని ఒక చిన్న దేశం మంత్రి, మోకాళ్ల నొప్పుల ముసలాయన, మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. కథంతా అంతే. నేను పాప్‌కార్న్ అయ్యాక నిద్రకు సిద్ధమయ్యాను. మామ మాత్రం ముందు సీటు పట్టుకొని వంగి కూర్చున్నాడు. వాళ్లకు పేర్లు కూడా పెట్టేశాడు, మేడాయన, కిందాయన, మెట్లాయన.

ఒకచోట మేడాయన మండిపడి, కింద ఉన్నవాడి మాట నమ్మడం కన్నా పాము నోట్లో వేలు పెట్టడం మేలని చెప్పమంటాడు. మెట్లాయన దిగి వస్తున్నాడు. మామ నా చెవిలో, ఇప్పుడు చూడు ఎట్ల చెరుగుతాడో అన్నాడు. మెట్లాయన గదిలోకి వెళ్లి, చేతులు కట్టుకొని నిలబడి, పాముతో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గొంతులో అదే కోపం కూడా పెట్టి మరీ.

మామ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

కిందాయన గొడవకు దిగలేదు. కిటికీ దగ్గరికి పోయి, ఫలానా ఊరి మీద మీరు బాంబులు వేసిన రోజు నా తమ్ముడు అక్కడున్నాడు, ఆ సంగతి ఆయన నోటితో ఒకసారి అనేదాకా నేను సంతకం పెట్టను, పోయి చెప్పు అన్నాడు. కథ అక్కడినుంచే మలుపు తిరిగింది. అన్ని రోజులూ భూమి కోసం, సరిహద్దు కోసం వాదించుకున్నవాళ్లు అసలు మాట అప్పుడే ఎత్తారు.

బయటికి వచ్చి టీ తాగుతున్నంతసేపూ మామ ఒకటే ఆలోచన. తర్వాత రెండు రోజులూ ఒక్కడే వచ్చి మళ్లీ చూశాడు. నేను కోప్పడ్డాను. వాళ్ల వెనక సైన్యాలున్నాయి, ముకేశ్ వెనక మల్లెతోట ఉంది, అక్కడి మందు ఇక్కడ పనిచెయ్యదని చెప్పాను. ఆయన నా మాట వింటేనా.

"ఆయన రెండు గదుల్లో యాడా ఒక గుక్క నీళ్లు తాగలేదు, చూసినావా రఘూ?" అన్నాడు. "మేడాయన కాఫీ ఇమ్మంటాడు, వద్దంటాడు. కిందాయన సారాయి పోస్తాడు, తాకడు. అందుకే చెప్పగలిగినాడు. మేము మజ్జిగ తాగేసి కూర్చుంటాము. తాగినాక నోట్లోనించి కటువు మాట ఎట్ల వస్తాది?"

మంచి మజ్జిగను అనవసరంగా నిందిస్తున్నావని ఎగతాళి చేశాను. కాని నాకూ లోపల కుతూహలం మొదలైంది. జీవితమంతా చెరిగిన మనిషి ఒక్కసారి చెరక్కుండా మోస్తే ఏమవుతుంది? ఆ వేడుక చూడాలని నా స్కూటరు మీద నేనే ఆయన్ను తిప్పాను. ఆ పని ఎందుకు చేశానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదట శరవణన్ ఇంటికి. కుప్పమ్మ కాఫీ తెస్తే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. నీళ్లు తెస్తే నీళ్లూ వద్దన్నాడు. మా ఇంట్లో ఏం మైల తగిలిందని ఆమె మొహం నల్లబడింది. మామ అదేమీ పట్టించుకోకుండా, ముకేశ్‌కు ఏం చెప్పాలో చెప్పు, ఒక్క మాట తగ్గించను, కలపను అన్నాడు శరవణన్‌తో. శరవణన్ ముందు నవ్వాడు. తర్వాత ఆయన నిజంగానే అంటున్నాడని తెలిసి, కుర్చీ దగ్గరికి లాక్కొని చెప్పాడు. తను క్షమాపణ అడగలేదనీ, అడగననీ. ఆ రోజు ముకేశ్ తినకుండా పోతుంటే తన తండ్రి, ఎనభై ఏళ్ల మనిషి, చెప్పుల్లేకుండా గేటు దాకా వెంటపడి చేతులు జోడిస్తే వెనక్కి తిరిగి చూడలేదనీ. ఆ ముసలాయన పోయేదాకా ఆ మాటే తలుచుకున్నాడనీ. గేటు దగ్గరి సంగతి నీకు పెళ్లయిన వారానికే చెప్పినాను గదా మామా, అని కూడా అన్నాడు.

నేను మామ వైపు చూశాను. ఆయన తల వంచుకున్నాడు. అప్పుడే విన్నాడు, కాని ముకేశ్ తలదించుకోవాల్సి వస్తుందని ఆ మాటను పొట్టులో పోసేశాడు.

పాండూరులో మేము వెళ్లేసరికి ముకేశ్ తోటలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అతని భార్య లక్ష్మీప్రియ మజ్జిగ తెచ్చింది. మామ వద్దన్నాడు. ఆ పిల్ల లోటా పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. మావాళ్లకు ఒక అలవాటుంది. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా తెలుగే, కాని ఎవరినైనా పరాయివాణ్ణి చెయ్యాలనుకుంటే తమిళంలోకి మారిపోతారు. విషయం ఏమిటో చెప్పండి అని ముకేశ్ తమిళంలో అడిగాడు.

మామ నిలబడే చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. గేటు దగ్గరి ముసలాయన దాకా వచ్చేసరికి ముకేశ్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. తనకు తెలియదన్నాడు. బండి స్టార్టు చేసి ఉంది, హెల్మెట్టు పెట్టుకొని ఉన్నాడు, వెనక ఎవరున్నారో చూడలేదు. ఎవరూ చెప్పలేదు. తర్వాత తన మాట తను చెప్పాడు. ఆ రోజు పాండూరుకు ఎందుకు పరిగెత్తాడో చెప్పాడు. మండపంలో వాళ్లమ్మ ఫోటో పెట్టడం అందరూ మరిచిపోయారు. తల్లి లేని పెళ్లి చేస్తున్నామని అందరి ముందూ అనడం ఇష్టంలేక, ఎవరికీ చెప్పకుండా ఫోటో తేవడానికి వచ్చాడు. రైల్వే గేటు పడింది. మండపంలోకి వచ్చినప్పుడు ఫోటో చంకలోనే ఉంది. అప్పుడే శరవణన్ ఆ మాట అన్నది.

"నీకు చెప్పినాను గదా మామా. వైష్ణవికి చెప్పమని గూడా అంటిని."

వైష్ణవి ఏడుస్తుందని మామ అదీ చెప్పలేదు. ఎవరూ నొచ్చుకోకూడదని రెండు వైపులా పారబోసినవే అసలు గింజలు. నాకు ఆ క్షణంలో ఆయన మీద ఎంత జాలి కలిగిందో అంత కోపమూ వచ్చింది.

ముకేశ్ లేచాడు. నెమ్మదిగా అడిగాడు. "అయితే వాడు బాధపడతా ఉండాడని ప్రతి పండక్కీ వచ్చి చెప్తివే. ఆ మాటలు ఎవురివి?"

"నావి" అన్నాడు మామ.

"వాడు క్షమించమంటా ఉండాడని నమ్మినాను మామా. ఇయ్యాల వస్తాడు, రేపు వస్తాడు అని చూసినాను. వాడు రాకపోతే, బాధపడేవాడు రాడేంది అని ఇంకా మండింది నాకు. నువ్వు ఏమీ చెప్పకుండా ఉండుంటే మొదటి ఏడే నేను పొయ్యి సొక్కా పట్టుకొని అడిగేసి ఉందును." అని ఆగి, చివరిది తమిళంలో అన్నాడు. ఇకమీద మాటలు మోసుకొని ఈ ఇంటికి రావద్దన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది, ఇద్దరిలో ఒక్కడూ ఎందుకు కదల్లేదో. అవతలివాడు మెత్తబడ్డాడని విన్నవాడు ఎవడైనా ఎదురుచూస్తాడే గాని తను ఎందుకు వెళ్తాడు.

ఇంటికి పోదాం అన్నాను. మామ ఒప్పుకోలేదు. సగం రాయబారం రాయబారం కాదని, మళ్లీ శరవణన్ ఇంటికి వెళ్లి, మళ్లీ ఏమీ తాగకుండా, ముకేశ్ అన్నదంతా చెప్పాడు. ఫోటో సంగతి విని వైష్ణవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శరవణన్ కూడా అదే అడిగాడు, ముకేశ్ కరిగిపోయాడని నాకెందుకు చెప్పావని. మామ అదే జవాబు చెప్పాడు. వచ్చిన ప్రతిసారీ మర్యాద చేశామే అని కుప్పమ్మ గట్టిగానే అంది. యథార్థవాది లోకవిరోధి అంటారు. ఆయన అంతకుముందు చెప్పిన అబద్ధాలకు కూడా లోకం అప్పుడే విరోధి అయింది.

ఆ రాత్రే శరవణన్ ముకేశ్‌కు ఫోను చేశాడట. ఎందుకనుకున్నారు? మామ నీ దగ్గర ఇంకా ఏమేం చెప్పాడో చెప్పు అని అడగడానికి. పెళ్లి తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. ఆయన ఏ పండగకు ఏ మాట మోశాడో ఇద్దరూ పోల్చుకున్నారు. మర్నాడు శరవణన్ పాండూరు వెళ్లాడు. మల్లెతోట గట్టు మీద నిలబడి తమిళంలో గొంతులు పోయేలా అరుచుకున్నారనీ, మధ్యాహ్నానికి తెలుగులోకి వచ్చారనీ, సాయంత్రం తన మొగుడు అక్కడే సంగటి తిని వచ్చాడనీ వైష్ణవి మా అంగడికి వచ్చి చెప్పింది. చందన ముకేశ్ ఒడిలోనే కూర్చుంటుందంది. మొహం వెలిగిపోతోంది. పాపకు పట్టు పావడా తీసుకుంది.

ముహూర్తానికి వారం ముందు బావా బావమరుదులు ఇద్దరూ ఒకే బండి మీద పిలుపులకు వచ్చారు. కుంకుమ పెట్టి, తాంబూలం ఇచ్చి, కుటుంబంతో రమ్మని పిలిచారు. మామను పిలిచారా అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోను చేస్తాంలే అన్నాడు శరవణన్. ముకేశ్ బండి తాళం వైపు చూస్తున్నాడు. గడపకు వచ్చి కుంకుమ పెట్టి పిలవని పిలుపు పిలుపు కాదని వాళ్లకు నేర్పిందే ఆ మనిషి. నాకు ఒళ్లు మండింది. మీ ఇద్దరినీ ఇక్కడ పక్కపక్కన నిలబెట్టింది ఎవరు అని అరిచాను. విడదీసి ఉంచింది కూడా ఆయనే అన్నాడు ముకేశ్, అంతే గట్టిగా.

ముహూర్తం రోజు తెల్లారి తిరుత్తణిలో దిగి, కొండకు పోయే ముందు మామ ఇంటికి వెళ్లాను. కొత్త పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఇంటి ముందు తిన్నె మీద కూర్చొని ఉన్నాడు. నిన్న ఫోను వచ్చిందట. మనుషులు మాత్రం రాలేదు. పొద్దున లేస్తూనే స్నానం చేసి కూర్చున్నాడని మునెమ్మ అత్త కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఆఖరు నిమిషంలోనైనా ఎవరైనా గడప తొక్కుతారని ఆశ. రా మామా, నేను పిలుస్తున్నాను గదా అన్నాను. నువ్వు పిలిస్తే నీ ఇంటి పనికి వస్తానని నవ్వాడు. నేను కదలకపోతే టైమవుతోందని తరిమాడు.

"నువ్వు పొయ్యేసి అంతా చూసి రా. వచ్చి నాకు చెప్పు. చెరగొద్దు."

కొండ మీద గాలి బాగా వీస్తోంది. ముకేశ్ పట్టుపంచె కట్టుకొని మండపంలో కూర్చున్నాడు. చందనను ఒడిలో పెట్టారు. గుండు అయింది, చందనం పూశారు. కంసాలి ఆచారి ఒక చెవి కుట్టేదాకా ఆ పిల్ల చేతిలోని బొమ్మను చూస్తూ ఊరుకుంది. కుట్టగానే కొండంతా వినిపించేలా అరిచింది. శరవణన్ పాప తల కదలకుండా పట్టుకుంటే, ముకేశ్ రెండు చేతులూ కలిపి పట్టుకున్నాడు. రెండో చెవి అయ్యాక తండ్రి ఎత్తుకోబోతే పోకుండా మేనమామ మెడ కావలించుకొని వెక్కిళ్లు పెట్టింది. అప్పటిదాకా ఆ పిల్ల ముకేశ్‌ను ఎన్నిసార్లు చూసిందని. ముకేశ్ మొహం పక్కకు తిప్పుకొని ఏడ్చాడు. వైష్ణవి అన్న పక్కన నిలబడి నవ్వుతూ ఏడుస్తోంది. నాకూ కళ్లు తడిశాయి, దాచడం ఎందుకు.

ఫోటోలు తీసుకున్నారు. భోజనాలకు లేచారు. ఎవరైనా ఒక మాట ఎత్తుతారేమోనని నేను ఒక్కొక్కరి పక్కనే తచ్చాడాను. కుప్పమ్మ ఎత్తలేదు. శరవణన్ ఎత్తలేదు. వైష్ణవి నా ఆకులో పాయసం వేయించి, వదినను ఎందుకు తీసుకురాలేదని మా ఆవిడ గురించి అడిగింది. అంతకుమించి ఏమీ అడగలేదు. సంతోషంలో ఉన్నవాళ్లకు అంత తీరిక ఉండదని నాకు నేను చెప్పుకున్నాను.

తిరిగి వచ్చేసరికి మామ అక్కడే, అదే చొక్కాతో ఉన్నాడు. పక్కన కూర్చొని అంతా చెప్పాను. ఏ చెవి ముందు కుట్టారు, పిల్ల ఎంతసేపు ఏడ్చింది, ముకేశ్ ఎట్లా పట్టుకున్నాడు, ఆయన అడుగుతూనే ఉన్నాడు. మెడ కావలించుకున్న సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. వింటూ తనే తన భుజం తడుముకున్నాడు.

ప్రశ్నలు అయిపోయాయి. కాసేపు వీధిలోకి చూశాడు.

"నేను రాలేదని ఎవురైనా అడిగినారా?"

నేను జీవితంలో ఎవరి కోసమూ ఒక్క మాట తగ్గించి చెప్పినవాణ్ణి కాదు. ఆ తిన్నె మీద మాత్రం నాలుక కొనదాకా వచ్చింది, వైష్ణవి అడిగింది మామా, కళ్లనీళ్లు పెట్టుకుంది అని. ఎంత చిన్న మాట. ఆయనకు ఒక ఏడాదికి సరిపోయేది. కాని చెరగొద్దని అడిగింది ఆయనే.

"లేదు మామా. ఎవరూ అడగలేదు."

ఆయన తల ఊపాడు. చొక్కా పై గుండీ తీసుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. "వినేదానికి ఇంత కష్టంగా ఉంటాదని నాకు ముందే తెలుసు రఘూ. అందుకే గదా ఇన్నాళ్లూ ఎవురికీ ఉన్నదున్నట్టు చెప్పలేదు."

లోపల మునెమ్మ అత్త ఆకులు వేసి మమ్మల్ని పిలిచింది. ఇద్దరం లేచి లోపలికి వెళ్లాం.